కొత్త ఆటలో లేని మనిషి

కోతలు మొదలై ధాన్యం లారీలు కాటా ముందు బారులు తీరే రోజుల్లోనే ఏటా మా బామ్మర్ది ఫోను వస్తుంది. రాజాంలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఎలా ఉన్నారని అడగడు. వాళ్ళ అక్క ఉందో లేదో కూడా అడగడు.

"బావా, కొత్తది వచ్చీసినాది. కొంటన్నావా లేదా?"

కొత్తదంటే ఫుట్‌బాల్ జట్టును నడిపే కంప్యూటరు ఆట. ఇందులో మనం బంతిని తన్నేది లేదు. మేనేజరు కుర్చీలో కూర్చుని ఎవర్ని ఆడించాలో, ఎవర్ని వదులుకోవాలో, ఎవరికి ఏ తర్ఫీదు ఇవ్వాలో చెబుతాం. ఆట కంప్యూటరే ఆడి చూపిస్తుంది. పచ్చటి తెర మీద రంగు చుక్కలు అటూ ఇటూ పరిగెడతాయి. ఏటా చలికాలం ముందు దానికి కొత్త రూపం ఒకటి వస్తుంది. నిజం ఆటగాళ్ళు ఆ ఏడు ఏ జట్టులోంచి ఏ జట్టులోకి మారారో, ఎవరి కాళ్ళలో సత్తువ పెరిగిందో, ఎవరికి తగ్గిందో అందులో దిద్ది పెడతారు. పాతదాంట్లో మనం పెంచుకున్న జట్టు మాత్రం కొత్తదాంట్లోకి రాదు. మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టుకోవాలి.

ఆరేళ్ళుగా నేను పాతదాన్నే పట్టుకుని ఉన్నాను. అదీ వాడి బాధ.

ఆమదాలవలసలో ఉప్పుడు బియ్యం మిల్లుల దారిలో ఉంది మేం కాటా అని పిలుచుకునే వేబ్రిడ్జి. లారీ వచ్చి ఇనప పలక మీద నిలబడితే, గదిలో కిటికీ పక్కన కూర్చుని బరువు చూసి చీటీ ఇవ్వడం నా పని. నిండు లారీని ఒకసారి తూస్తాను, మిల్లులో సరుకు దింపి వచ్చాక ఖాళీ లారీని ఇంకోసారి. ఆ రెండు తూకాల మధ్య గంటో రెండు గంటలో తీరిక. కోతల కాలం దాటితే రోజంతా తీరికే. మధ్యాహ్నం మిల్లు బాయిలరు ఆవిరి వదిలినప్పుడు ఉడికిన వడ్ల వాసన గదిలోకి మెల్లగా వచ్చి నా పక్కన కూర్చునేది. కిటికీలోంచి పడిన ఎండలో ఊక నలుసులు తేలుతూ ఉండేవి. మెలకువకీ కునుకుకీ మధ్య ఉండే ఆ సందులో నేను ఎక్కడో చలిదేశంలో, సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి జట్టుకి మేనేజరుగా బతికేవాణ్ణి. అక్కడి గాలికి ఇక్కడ నా చెవులు చల్లబడేవి. ఫ్యాను గాలి అని మా ఆవిడ అంటుంది. కరెంటు లేనప్పుడు కూడా చల్లబడేవి.

ల్యాప్‌టాప్ బామ్మర్దిదే. తను కొత్తది కొనుక్కుని పాతది నాకిస్తూ, అందులో ఈ ఆట పెట్టి ఇచ్చాడు. ఆటలో కాలం వేగంగా పోతుంది. మనకు ఒక ఏడాది గడిచేలోగా అక్కడ మూడేళ్ళు గడుస్తాయి. మొదట్లో ఉన్న నిజం ఆటగాళ్ళు ఒక్కొక్కరే ముసలివాళ్ళయి బూట్లు విప్పేస్తారు. అప్పుడు ఖాళీ అయిన చోట్లలోకి కంప్యూటరే పిల్లల్ని కంటుంది. ఏడాదికొక రోజు పదహారేళ్ళ కుర్రాళ్ళ గుంపు ఒకటి, అమ్మా నాన్నా లేకుండా, పేరూ ఎత్తూ బరువూ కుదుర్చుకుని వచ్చి మన గుమ్మంలో నిలబడుతుంది. అలా వచ్చినవాడే నా ఎడమకాలివాడు, ఏ బంతినైనా ఎడమకాలితోనే కొడతాడు. వాడికో పేరుంది. నాకు నోరు తిరగదు, అందుకని ఎప్పుడూ పలకలేదు.

మూడో ఏట బామ్మర్ది పోరు పడలేక ఒకసారి కొత్తది కొన్నాను. చొక్కాలు మారాయి, మైదానంలో గడ్డి కాస్త ముదురు పచ్చగా ఉంది. నా జట్టు మళ్ళీ మొదటి రోజున, ముక్కూ మొహం తెలియని మనుషులతో నన్ను చూస్తూ నిలబడింది. ఎడమకాలివాడు అప్పటికింకా పుట్టలేదు. పుట్టడు కూడా. ఈసారి కంప్యూటరు కనేది వేరే పిల్లల్ని. పదకొండు రోజులు ఆడి, తీసేసి, పాతదాంట్లోకి తిరిగి వచ్చాను. నేను లేని ఆ పదకొండు రోజులూ వాడు వానలో మైదానం మధ్యలో బంతి కాలి కింద పెట్టుకుని నా కోసం నిలబడే ఉన్నాడని నా నమ్మకం.

కాటా గేటు పక్కనే అప్ప టీ బడ్డీ. నాకేం చుట్టం కాదు, నాకంటే పదేళ్ళు పెద్ద, అందుకని అప్ప. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. చిన్నప్పుడు మిషను బడిలో ఐదు దాకా చదివింది. బాప్టిస్టు చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద దిక్కు. మూడింటికి టీ గ్లాసు తెచ్చి నా కిటికీలో పెట్టి, లారీలు లేకపోతే గడప మీద కూర్చునేది. ఒక రోజు, ఆ పెట్టెలోకి చూస్తూ నీలో నువ్వే నవ్వుకుంటావేంటని అడిగింది. దూరదేశంలో ఒక జట్టు ఉందని, వాళ్ళకు కంప్యూటరులోంచి సలహాలు చెబుతుంటానని అన్నాను.

"ఆళ్ళకి అక్కడ మడిసి దొరకలేదేటి?"

"కాటా దగ్గర కూసున్నోడికి మడిసి బరువు సూడగానే తెలిసిపోతాది కదప్పా. అందుకే నన్ను ఎట్టుకున్నారు."

ఇది ఆట అని మొదటి రోజే ఎందుకు చెప్పలేదో గుర్తు లేదు. రెండో రోజు నుంచి మనసు రాలేదు. ఇంట్లో నేను నోరు తెరిస్తే మా ఆవిడ టీవీ గొంతు పెంచుతుంది. అప్ప ఒక్కతే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. అలా వినే మనిషి ముందు కూర్చుంటే నోటికి అదుపుండదు. ఎడమకాలివాడి తాతది కళింగపట్నం అని చెప్పాను. ఓడలో వంటవాడిగా వెళ్ళి, ఆ ఊళ్ళో దిగి, చలికి కాళ్ళు కొయ్యబారి అక్కడే ఉండిపోయాడని చెప్పాను. వాడు బంతిని వల విసిరినట్టు వంచి కొట్టేది ఆ రక్తం వల్లేనని చెప్పాను.

ఒకసారి ఇచ్ఛాపురం నుంచి వచ్చిన లారీ డ్రైవరు బడ్డీ దగ్గర టీ తాగుతూ అంతా విని వేళ్ళు మడిచాడు.

"ఆగు మావా. ఆ కుర్రోడు వచ్చినపుడు పదారేళ్ళన్నావట. ఇపుడు పాతికంటన్నావు. మద్దిన మూడేళ్ళేగదా గడిసింది?"

"సలి దేశం రా బాబూ. అక్కడ మూడు గంటలకే పొద్దు దిగిపోతాది. రోజు పొట్టిదయితే ఏడాది పొడుగ్గా ఎలగుంటాది?"

డ్రైవరు నోరు తెరిచాడు. అప్ప వాడి గ్లాసు లాక్కుని కడిగేసింది. "నీకు తెలవనప్పుడు ఊరుకో. సలికి అన్నీ ముడుసుకుపోతాయి."

ఇలా హాయిగా గడిచిపోయేదే. కిందటేడు వానాకాలంలో వాడి మోకాలి నరం తెగింది. తొమ్మిది నెలలు ఆడకూడదని తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. ముప్పై దాటినవాడికి తొమ్మిది నెలలంటే ఇక ఆట అయిపోయినట్టే. ఆ రోజు నేను ఏమీ కల్పించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్ప లేచి వెళ్ళింది. తరవాతి సోమవారం టీ పెడుతూ అంది.

"ప్రార్థన అవసరతల్లో రాయించీసినాను."

"ఏటని?"

"దూరదేశంలో ఉన్న మన కళింగపట్నం బిడ్డ మోకాలు బాగవ్వాలని. అయ్యగారు సదివేరు. సంఘమంతా మోకరించినాది."

పాస్టరుగారిని వాళ్ళు అయ్యగారంటారు, ఎవరి కోసం ప్రార్థించాలో ఆదివారం ఆయన చదివే జాబితాని ప్రార్థన అవసరతలంటారు. అక్కడ రెండు వందల మంది పైన ఉంటారు. పొద్దున్నే తలస్నానం చేసి, తెల్లబట్టలు కట్టుకుని, నా ల్యాప్‌టాప్‌లోని ఒక చుక్క కోసం కళ్ళు మూసుకున్నారు. చెప్పాల్సింది అప్పుడే. టీ వేడిగా ఉందని వంక పెట్టుకుని, ఊదుకుంటూ ఊరుకున్నాను.

ఇక్కడ నేను చెప్పబోయేది నమ్మక్కర్లేదు. నా మాటలు ఎలాగూ ఎవరూ నమ్మరు. కానీ ఇది కల్పన కాదు. తొమ్మిది నెలలన్న వాడు అయిదో నెలలో లేచాడు. తెర మీద ఎర్రక్షరాలు పోయి పచ్చక్షరాలు వచ్చిన ఆ మధ్యాహ్నం నేను గదిలోంచి బయటికి వచ్చి, ఖాళీ కాటా మీద కాసేపు నిలబడ్డాను. ఎంత తూగానో చూడలేదు.

ఆ ఆదివారం అప్ప పెరట్లో కాసిన గుమ్మడికాయ కృతజ్ఞత కానుకగా పట్టుకెళ్ళి, సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది. మోకాలు బాగుపడిందని, తన చెవులతో విన్నానని. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట.

ఈ ఏడు ఎడమకాలివాడికి ముప్పైనాలుగు వచ్చాయి. ఇదే ఆఖరి ఏడు. కోతల ముందు ఒక రోజు అప్ప గడప మీద కూర్చుని కొంగు సర్దుకుంది.

"తమ్మా, ఆడు ఆట మానేసినాక ఓపాలి ఇలగ తీసుకొస్తావేటి? అయ్యగారు అడిగేరు. క్రిస్మస్‌కి సంఘం ముందర నిలబెడదామని."

"అంత దూరం నుంచి ఎలగొస్తాడప్పా."

"తాత ఊరు సూసుకోడేటి? నేను నలుగురిలో సాక్ష్యం సెప్పీసినాను. ఒకలిద్దరు అప్పుడే అంటన్నారు, ఎవుల్ని సూసి సెప్పినావని. ఆడొచ్చి నిలబడితే సాలు."

అప్పుడు తెలిసింది నాకు ఏం జరిగిందో. నా అబద్ధం నా దగ్గర ఉన్నంతసేపూ అది కథ. ఆమె దాన్ని మోసుకెళ్ళి చర్చిలో నిలబెట్టింది. అబద్ధ సాక్ష్యం చెబితే పది ఆజ్ఞల్లో ఒకదాన్ని మీరినట్టేనని చర్చి గడప తొక్కని నాలాంటివాడికి కూడా తెలుసు. ఇప్పుడు పోయేది నా పరువు కాదు, ఆమె మాట.

సరిగ్గా ఆ శనివారమే బామ్మర్ది రాజాం నుంచి బస్సు దిగి కాటా గదిలోకి వచ్చాడు.

"ఈపాలి నీ సేత కొనిపించే ఎల్తాను బావా. ఎన్నాళ్ళు ఈ సద్దికూడు తింటావు?"

"ఏటుందిరా కొత్తదాంట్లో?"

"ఏటుందంటావేటి? నిన్న మారినోడు ఇవాళ అందులో ఉంటాడు. నువ్వాడే ఆటలో ఉన్నోళ్ళు ఎక్కడైనా ఉన్నారేటి? ఒక్కడైనా నిజం మడిసి ఉన్నాడా?"

వాడి మాటలో తప్పు లేదు. వాడు శనివారం టీవీలో చూసిన జట్టుని ఆదివారం తన తెర మీద నడపాలనుకుంటాడు. అలాంటివాడికి ఏటా కొనడం దండగ కాదు, పాతది పెట్టుకుంటేనే ముందటేడు పత్రిక చదివినట్టు ఉంటుంది. నేను ఉన్నది ఇంకా రాని కాలంలో. అక్కడ ఈ ఏటి దిద్దుబాట్లు నాకేం పనికొస్తాయి? వాళ్ళు దిద్దే మనుషులందరూ నా దగ్గర ఎప్పుడో ముసలివాళ్ళయిపోయారు. అదే వాడికి చెప్పాను. వాడు వినకుండా ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు.

"రెండిటికీ సోటు సాలదు. పాతది తీసీనా?"

అప్పుడు నా మనసులో దొంగ ఒకడు లేచి కూర్చున్నాడు. తీసేస్తే? ఎడమకాలివాడు ఉండడు. రిటైరవ్వడు, రావక్కర్లేదు. ఓడ మునిగిందనో, చలికాలంలో మంచు కింద పడ్డాడనో ఏదో ఒకటి చెప్పి, అప్పతో పాటు నేనూ రెండు కన్నీటి బొట్లు కార్చేస్తే సరిపోతుంది. ఆమె మాటా నిలబడుతుంది, నా కథా నిలబడుతుంది. కొత్త ఆట కొనడానికి ఇంత మంచి కారణం ఆ కంపెనీవాళ్ళకి కూడా తోచి ఉండదు.

"ఊఁ" అనబోతుండగా కిటికీలో గ్లాసు చప్పుడైంది. అప్ప రెండు టీలు తెచ్చింది.

"ఏటి తీసెత్తన్నారు?"

బామ్మర్దికి ఏమీ తెలియదు. లెక్కల మాస్టారు, దాచడం రాదు. "ఈ పాత ఆటండీ. ఆరేళ్ళ నుంచి ఇదే. ఇందులో ఒక ఎడమకాలోడున్నాడు, ఆడిని వదల్లేకపోతన్నాడు మా బావ. ఆడేటి మడిసా, కంప్యూటరు పుట్టించినోడు."

అప్ప నా వైపు చూసింది. బయట లారీ ఒకటి ఇంజను ఆపి నిలబడి ఉంది. నాకు నాలుగు అబద్ధాలు వెంటనే తోచాయి. అందులో రెండు చాలా బాగున్నాయి. బామ్మర్ది చెప్పేది వేరే వాడి గురించి అనొచ్చు. వాడి బొమ్మ మాత్రమే కంప్యూటరులో ఉంటుందని, మనిషి అక్కడే ఉన్నాడని అనొచ్చు.

"నిజమే అప్పా" అన్నాను. "మడిసి లేడు. ఇది ఆట."

ఆమె గడప మీద కూర్చోలేదు. నిలబడే ఉంది.

"నువ్వు పది సెప్తే మూడు నిజాలుంటాయని నేను లెక్కేసుకున్నాను తమ్మా. తాత అబద్ధమనుకున్నాను. పొట్టి ఏడాది అబద్ధమనుకున్నాను. ఆ మూడింటిలో మడిసి ఉన్నాడనుకున్నాను." కొంగుతో కిటికీ చెక్క మీద ఒలికిన టీ తుడిచింది. "అయితే నేను సెప్పింది అబద్ధ సాక్ష్యమే."

"తప్పు నాది."

"నోరు నాది. రేపు ఆదివారం. నువ్వొచ్చి సెప్పు."

వెళ్ళాను. బామ్మర్ది కూడా వచ్చాడు, వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్నాడు. పెంకుల కప్పు, పొడుగాటి కిటికీలు, తెల్లసున్నం గోడలు. పాటలయ్యాక అప్ప లేచింది. "కిందటేడు నేను సెప్పిన సాక్ష్యం కొట్టీయండి అయ్యగారూ. ఎందుకో ఈ బాబు సెప్తాడు" అని కూర్చుంది.

ఏభై దగ్గర పడుతున్నాను, అప్పటిదాకా ఒక విషయాన్ని ఉన్నంత మేరకే చెప్పినట్టు గుర్తు లేదు. ఆ రోజు అలా చెప్పాను. కాటా గది, ల్యాప్‌టాప్, చుక్కలు, కంప్యూటరు కనే పిల్లలు, మోకాలు, అయిదు నెలలు. ఆమెకు తెలియదని, తెలిసినవాణ్ణి నేనొక్కడినేనని. చెబుతుంటే నా గొంతు ఎవరిదో అనిపించింది. కిటికీల్లోంచి పడిన వెలుగులో నేనే ఒక చుక్కలా అక్కడ నిలబడి ఉన్నానని, ఎక్కడో ఎవరో కుర్చీలో వాలి నన్ను చూస్తున్నారని అనిపించింది.

అయ్యగారు గడ్డం రుద్దుకుంటూ, "మరి మనం చేసిన ప్రార్థన ఎక్కడికి వెళ్ళినట్టు?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు.

ముందు వరసలో ఒక ముసలమ్మ చేతికర్ర నేలకి తట్టింది. "ఎక్కడికెల్తాది అయ్యగారూ. స్త్రీల సమాజంలో మోకాళ్ళు తక్కువున్నాయేటి? దేనికో ఒకదానికి తగిలుంటాది. నాకు ఈ సంవత్సరం మెట్లెక్కడం తేలికయింది, ఎందుకా అనుకున్నాను."

నవ్వు ముందు ఆడవాళ్ళ వైపు మొదలైంది. అప్ప నవ్వలేదు. కానీ తల ఎత్తుకుని కూర్చుంది. బయటికి వచ్చాక ఆమెను ఎవరూ వేలెత్తి చూపలేదు. నలుగురైదుగురు ఆమె చుట్టూ చేరి, ఆ చుక్క రంగేమిటని అడుగుతున్నారు.

బామ్మర్ది కొత్త ఆటను తన ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని రాజాం వెళ్ళిపోయాడు. నా దాంట్లో ఏమీ తియ్యలేదు, ఏమీ పెట్టలేదు. పది రోజుల పాటు మూడింటికి గ్లాసు కిటికీలోకి వచ్చేది, మాట వచ్చేది కాదు. నేను కూడా ఆట తెరవలేదు. ఎడమకాలివాడి ఆఖరి మ్యాచి ఒకటి మిగిలి ఉంది. చూడడానికి పక్కన మనిషి లేకుండా దాన్ని ఆడించబుద్ధి కాలేదు.

పదకొండో రోజు ఆమె గడప దాటి లోపలికి వచ్చి, నా పక్కన స్టూలు లాక్కుంది. ఆరేళ్ళలో ఎప్పుడూ లోపలికి రాలేదు.

"సూపించు."

తెరిచాను. పచ్చటి తెర మీద చుక్కలు వచ్చి నిలబడ్డాయి.

"ఇందులో ఆడేడి?"

వేలు పెట్టి చూపించాను. ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని వంగింది. "ఇంతేనేటి? దీనికా నేను గుమ్మడికాయ ఇచ్చినాను?" అంది. కానీ కళ్ళు తియ్యలేదు. చుక్క కుడివైపు నుంచి లోపలికి తిరిగింది. ఇద్దరు అడ్డం వచ్చారు. చుక్క ఆగింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

"మీ బామ్మర్దిదాంట్లో ఈడు లేడు కదా?"

"లేడు."

"వచ్చే ఏడు కొత్తది కొంటే?"

"అందులోనూ ఉండడు."

"మరెందుకది" అంది, లారీ డ్రైవరు వద్దన్న బిస్కట్టు గురించి మాట్లాడినంత తేలిగ్గా.

ఉడికిన వడ్ల వాసన గదిలోకి వచ్చింది. నాకు పాత అలవాటు నోట్లో తిరిగింది. "ఊరు ఊరంతా వచ్చిందప్పా ఇవాళ. జోరున వాన, ముసలోళ్ళు సైతం గొడుగులు పట్టుకుని లేచి నిలబడి..."

అప్ప తెర వైపు చూసి, నా వైపు చూసింది.

"వానెక్కడుంది?"

"లేదు."

"ముసలోళ్ళు?"

"లేరు."

"ఉన్నదే సెప్పు."

బయట లారీ హారను కొట్టింది. ఆమె వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపి ఆగమంది. నేను తెరకు దగ్గరగా జరిగి, చుక్క ఎటు వెళితే అటు చెప్పడం మొదలుపెట్టాను.